ఏడో నంబరు ఫిర్యాదు

నా ఫోన్లో బాగున్నానని చెప్పడానికి వీలుంది గాని, బాగోలేదని చెప్పడానికి వీల్లేదు. ఈ సంగతి మొదట బయటపడింది నా దగ్గర కాదు, పక్కింటి అప్ప దగ్గర.

అప్ప నాకు తోడబుట్టింది కాదు. ఆమె పెనిమిటీ నేనూ కొరాపుట్–రాయగడ లైను మీద ఒకే గ్యాంగులో పనిచేశాం. ఆయన పోయాక ఆమె కకిరిగుమ్మలోనే ఉండిపోయింది. నా భార్య పోయాక నేనూ ఉండిపోయాను. నాకూ నా భార్యకీ పిల్లల్లేరు. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో నాకు సెంటు భూమి లేదు, నన్ను చూసి ఫలానావాడని గుర్తుపట్టే మనిషీ లేడు. ఇక్కడైతే ఏ మలుపు దగ్గర రైలు కూత వేస్తుందో తెలుసు. తెలిసిన చోట ఉండటం నయమని ఉండిపోయాను తప్ప, ఈ కొండల మీద ప్రేమతో కాదు.

ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ బాగోగులు చూసే సంస్థ ఒకటి మా వైపు వచ్చింది. దానికి కొరాపుట్లో ఒక ఆఫీసు, రాయగడలో ఒక ఆఫీసు. మాది కొరాపుట్ లెక్కలోకి వస్తుంది. వాళ్ళు మాకు తలా ఒక చిన్న ఫోన్ ఇచ్చి, అందులో ఒక యాప్ పెట్టారు. పొద్దున్నే అది మోగుతుంది. తెర మీద రెండు బొత్తాలు వస్తాయని చెప్పారు. పైన పచ్చది, బాగున్నాను అని. కింద ఎర్రది, బాగోలేదు అని. పచ్చది నొక్కితే మోత ఆగిపోతుంది, ఆ రోజుకి అంతే. ఎర్రది నొక్కితే ఆఫీసు నుంచి మనిషి ఫోన్ చేస్తుంది, అవసరమైతే ఎవరినైనా పంపుతుంది. ఏదీ నొక్కకపోతే మధ్యాహ్నం దాకా ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. అంతసేపు ఆ మోత పడే ఓపిక ఎవరికుంటుంది. జ్వరంలో ఉన్నవాళ్ళకైతే అసలే ఉండదు.

ఒక ఏడాది తొలకరి వానల్లో అప్ప ఇంట్లోంచి పొగ లేవలేదు. రెండో రోజు కూడా లేవకపోతే తలుపు తోసుకుని వెళ్ళాను. దుప్పటి కింద వణుకుతూ పడుంది. మొహం ఎర్రగా కాలిపోతోంది.

"ఎర్రది నొక్కమన్నాను కదా అప్పా," అన్నాను.

"ఏదీ ఎర్రది? నువ్వు సెప్పేవు గాని, నా పోన్లో పచ్చదే ఉన్నాది. అదే నొక్కేను. నొక్కితే నోరు మూసుకుంటాది కదా."

"జొరంతో ఉండి బాగున్నానని నొక్కేవా?"

"మరేటి సెయ్యమంటావు. ముండమోపిది సెవిలో కూసుని ఏడస్తంటే."

ఫోన్ తీసుకుని చూశాను. నిజమే. మాకిచ్చినవి చవక ఫోన్లు, తెర పొట్టిది. పచ్చ బొత్తాం తెరంతా ఆక్రమించింది. ఎర్రది తెర అడుగున ఎక్కడో ఉండిపోయింది. దాని పై అంచు మాత్రం ఎర్ర దారప్పోగులా కనపడుతోంది. గోటితో నొక్కి చూశాను, పైకి లాగి చూశాను. రాలేదు. నా ఫోన్ చూసుకుంటే అదీ అంతే. నాకు అప్పటిదాకా జబ్బు చేయలేదు గనక నేనెప్పుడూ కిందికి చూడలేదు.

ఆటో మాట్లాడి ఆమెను లక్ష్మీపూర్ ఆసుపత్రికి తీసుకుపోయాను. మలేరియా అన్నారు. సూదులూ మాత్రలూ పడ్డాక లేచి కూర్చుంది. కబురు తెలిసి గుణుపురం వైపు వ్యవసాయం చేసుకునే ఆమె కూతురు వచ్చి, తనతో తీసుకుపోతానంది. అప్ప సామాను ఒక ట్రంకుపెట్టెలో పట్టింది. బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి నాతో అంది:

"నువ్వు అచ్చరం ముక్క నేర్సినోడివి తమ్ముడా. ఆ బొత్తాం సంగతి ఆల్లకి రాసి పడీ. నాకైతే అమ్మి ఉన్నాది. రేప్పొద్దున నువ్వు పడిపోతే నీకెవలున్నారు?"

ఉన్నమాటే అంది. నాకు కోపం రాలేదు. ఆమె ఇంటికి తాళం పడ్డాక నా వరసలో ఇంకెవరూ లేరు. అవతల రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళు, వాళ్ళ భాష హిందీ, వాళ్ళ పని వాళ్ళది.

నేను అక్షరాలు నేర్చుకుంది తల నెరవడం మొదలైన తర్వాత. లైను పడే రోజుల్లో కూలివాడిగా వచ్చి, పనిలో కుదిరి, వేలిముద్ర వేసి జీతం తీసుకున్నాను. రాత్రి బడి మా గ్యాంగు గుడిసెలోనే పెట్టారు. తెలుగు అక్కడ నేర్చుకున్నాను. ఒడియా దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు స్టేషన్ పేర్లలోంచి కూడబలుక్కున్నాను. చదువు వల్ల నాకు పెద్ద సుఖమేమీ కలగలేదు. రైలు పట్టాల మీద మేకు ఊడిందో లేదో చదువు లేకుండానే తెలుస్తుంది. కాని రాయడం వచ్చినవాడు రాయకుండా ఊరుకుంటే అది సోమరితనం. అందుకని కొరాపుట్ వెళ్ళాను.

కొరాపుట్ ఆఫీసులో పని చూసుకునే ఆమె ఒడియా మనిషి. నన్ను మౌసా అని పిలుస్తుంది, అంటే వాళ్ళలో బాబాయి లాంటి వరస. మనిషి మంచిది, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లుంటాయి. ఫిర్యాదులన్నీ కంప్యూటర్లో ఒక జాబితాలో పెడతామని, దాన్ని నా ఫోన్లోంచి కూడా చూడొచ్చని చూపించింది. ఒక్కో ఫిర్యాదుకీ ఒక నంబరు పడుతుంది. నాకు ఏడో నంబరు పడింది. నేనే టైపు చేశాను. చాలాసేపు పట్టింది.

"చిన్న ఫోన్లలో ఎర్ర బొత్తాం కనపడదు. జబ్బు చేసినవాళ్ళు కూడా బాగున్నామనే నొక్కాలి. ఇది అబద్ధం చెప్పించే పని. బాగు చేయండి."

ఆమె దాన్ని చూసి ఒడియాలో అంది, "మీ లిపి నాకు రాదు మౌసా. ఫరవాలేదు, యాప్ రాసే అమ్మాయి రాయగడలో ఉంటుంది. తెలుగమ్మాయే. చదువుకుంటుంది."

నేను ఇంటికొచ్చి ఎదురుచూశాను.

రథయాత్ర వారంలో ఫోన్ టింగుమంది. ఏడో నంబరు కింద ఒక లైను వచ్చింది. ముందు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్నాయి, తర్వాత ఒక ఆడమనిషి పేరు, ఆ తర్వాత ఇంగ్లీషులో మూడు మాటలు. వాకిట్లో కూర్చుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాను. హోం స్క్రీన్ అప్‌డేట్. యాప్ తెరవగానే కనపడేదాన్ని హోం స్క్రీన్ అంటారని నాకు తెలుసు. బొత్తాలుండేది అక్కడే. అంటే పని మొదలైంది.

ఆ రోజు నాకు అన్నం బాగా సయించింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నేను రాసిన మాట రాయగడలో ఒక మనిషి చదివింది, చదివి ఏదో చేసింది. అప్ప వెళ్ళాక నేను అన్న మాటకి ఎక్కడినుంచైనా జవాబు రావడం అదే మొదలు.

లైను కింద నేనూ రాశాను, పని చేస్తున్నందుకు సంతోషం అని. జవాబు రాలేదు. పనిలో ఉందనుకున్నాను.

వినాయక చవితికి ఇంకో లైను వచ్చింది. దసరాకి ఒకటి, దీపావళికి రెండు. అన్నిటిలో అవే మూడు మాటలు, అదే పేరు. పండగపూట కూడా ఈ మనిషి పని చేస్తోందే అనుకున్నాను. పండగపూట పని చేసేవాళ్ళెవరు? ఇంట్లో ఎవరూ లేనివాళ్ళు. నేను పనిలో ఉన్నప్పుడు పండగలకి డ్యూటీ అడిగి వేయించుకునేవాళ్ళను చూశాను, భార్య పోయాక నేనూ అలాగే వేయించుకునేవాణ్ణి. ఈమెదీ అదే బతుకనుకున్నాను. దీపావళి లైను కింద రాశాను, "తిండి తిని చెయ్యండి. బొత్తాం ఎక్కడికీ పోదు."

ఫోన్ టింగుమన్నప్పుడల్లా చేతిలో పని పక్కన పెట్టేవాణ్ణి. నాకు వచ్చే కాల్స్ అన్నీ కంపెనీవాళ్ళవే, పాట పెట్టుకుంటారా, ప్యాకేజీ వేసుకుంటారా అని. ఈ ఒక్క మోతే నా పని కోసం వచ్చేది. ఎర్ర బొత్తాం మాత్రం పైకి రాలేదు. అయినా నేను తొందరపడలేదు. పట్టాలు మార్చేటప్పుడు కూడా అంతే కదా. రోజుల తరబడి కంకర తవ్వుతారు, స్లీపర్లు సర్దుతారు, చూసేవాడికి ఏమీ జరిగినట్టుండదు. చివరికి ఒక పూటలో పని కనపడుతుంది.

క్రిస్మస్ లైను వచ్చింది. అది వచ్చిన నాలుగు రోజులకి ఏడో నంబరు పక్కన ఒక టిక్కు పడింది. ఫిర్యాదు మూసేశారు. నేను వెంటనే యాప్ తెరిచి చూశాను. పచ్చది ఉంది. కింద అదే ఎర్ర దారం.

తిరిగి తెరిచే వీలు ఉందని కొరాపుట్ ఆమె చెప్పి ఉంది. తెరిచి రాశాను, "పని కాలేదు. మూయకండి." కొత్త సంవత్సరం రాగానే మళ్ళీ మూసేశారు. మళ్ళీ తెరిచాను. ఇంకో వారానికి మళ్ళీ మూసేశారు. ఎవరో నా మొహం మీద తలుపు వేస్తున్నట్టుంది. ఏ మాటా చెప్పకుండా.

ఆ చలిలోనే నాకు దగ్గు పట్టుకుంది, ఛాతీలోకి దిగింది. మంచం దిగలేకపోయాను. కుండలో నీళ్ళు నిండుకుంటే లేచి తెచ్చుకోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే ఫోన్ మోగింది. చేత్తో పట్టుకుని చూశాను. ఉన్నది పచ్చదే. మోగనిద్దామనుకున్నాను, మధ్యాహ్నం దాకా ఆగితే వాళ్ళకే తెలుస్తుందని. తల పగిలిపోతుంటే పావుగంట కూడా ఆగలేకపోయాను. నొక్కాను. తెర మీద ఒక పువ్వు బొమ్మ, సంతోషం అనే మాట వచ్చాయి. అంత జబ్బులోనూ నాకు నవ్వొచ్చింది. ఆ వారమంతా రోజూ బాగున్నానని నొక్కాను. అప్ప అన్నమాట గుర్తొచ్చింది. నేను పడిపోతే రోజూ నొక్కేవాడు లేడు గనక అప్పుడు తెలుస్తుందేమో. పడిపోకముందు మాత్రం తెలియదు.

కాళ్ళల్లో బలం వచ్చాక కొరాపుట్ ఆమెకి ఫోన్ చేశాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీ ఏడో నంబరు కింద అన్ని లైన్లున్నాయి కదా మౌసా. రాయగడవాళ్ళు చూసుకుంటున్నారనుకుని నేను వదిలేశాను."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాను.

పాసింజరెక్కి రాయగడ వెళ్ళాను. దారిలో సొరంగాలన్నీ నేను సుత్తి భుజాన వేసుకుని నడిచినవే. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని చీకటి రావడం, పోవడం చూశాను. నాతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. వెళ్ళి ఆ మనిషిని ఏమని అడగాలో సర్దుకుంటున్నాను. తిట్టాలా వద్దా అని. పండగలకి ఇంట్లో ఎవరూ లేని మనిషిని తిట్టడానికి నాకు నోరు రాదనిపించింది.

ఆఫీసు స్టేషన్ రోడ్డులో మందుల కొట్టు మీద మేడలో ఉంది. మెట్లెక్కేసరికే నవ్వులు వినపడ్డాయి. యాప్ రాసే అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం, వాళ్ళమ్మ ఇక్కడే నర్సుగా చేసిందట. బల్ల మీద నలుగురికి సరిపడే టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. ఎవరో ఫోన్లో ఆమెను పిల్లకి జడ ఎలా వేయాలని అడుగుతున్నారు, ఆమె స్పీకర్లో చెబుతోంది. నేను గుమ్మంలో నిలబడి అదంతా విన్నాను. ఇన్ని నెలలు నేను అనుకున్న మనిషి ఈమె కాదు.

ఆమె ఫోన్ పెట్టేసి, "ఎవరు కావాలి తాతగారూ?" అంది.

"ఏడో నంబరు మూసీసింది నువ్వేనా అమ్మీ?"

"ఏడో నంబరా? అవునండీ, నేనే. అయినా దాంతో మీకేంటి?"

"అది నాది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కుర్చీ లాగి కూర్చోమంది. కంప్యూటర్లో వెతికి, "ఇదిగోనండి ఏడు. హోం స్క్రీన్ మీద పండగ బొమ్మలు మార్చడం. ఇది మా ఆఫీసువాళ్ళే అడిగారు. మీదెలా అవుతుంది?" అంది.

"పండగ బొమ్మలేటి?"

"రథయాత్రకి రథం, దీపావళికి దీపం. యాప్ తెరవగానే పైన వస్తుంది చూడండి."

ఆ బొమ్మలు నేనూ చూశాను గాని, లైన్లతో కలిపి ఆలోచించలేదు. "నాది ఎర్ర బొత్తాం," అన్నాను. "సిన్న పోన్లో అవుపడదు. నాను తెలుగులోనే రాసేను. సదవలేదేటి?"

"ఎక్కడ రాశారండీ?"

నా ఫోన్ తీసి చూపించాను. ఆమె దాన్ని తన కంప్యూటర్ పక్కన పెట్టి పోల్చి చూసింది. తర్వాత తన బల్ల మీద చెయ్యి ఆనించి, మెల్లగా చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

యాప్ రాతంతా ఒక్క చోటే ఉంటుంది. దాన్ని వాళ్ళు రిపాజిటరీ అంటారు. రెండు ఆఫీసులకీ అదొక్కటే. ఆమె ఏ మార్పు చేసినా ఒక కమిట్‌గా అందులో వేస్తుంది. వేసేటప్పుడు, ఏ ఫిర్యాదు కోసం చేసిందో ఆ నంబరు పక్కన రాస్తుంది. యాప్ రాత ఒక్కటే గాని ఫిర్యాదుల జాబితాలు మాత్రం రెండు. కొరాపుట్‌ది వేరు, రాయగడది వేరు. రెండూ ఒకటి నుంచే లెక్క మొదలుపెట్టాయి. వాళ్ళకీ ఒక ఏడు ఉంది, మాకూ ఒక ఏడు ఉంది. రాయగడ ఏడు పండగ బొమ్మలు. కొరాపుట్ ఏడు నా బొత్తాం. ఆమె ఏడు అని రాసిన ప్రతిసారీ లైను రెండుచోట్లా పడింది. పని అయిపోయిందని రాస్తే రెండుచోట్లా మూతపడింది. కొత్త సంవత్సరానికీ ఆ తర్వాతా బొమ్మ మార్చి మళ్ళీ అలాగే రాస్తే, నేను తెరిచిందల్లా మళ్ళీ మూతపడింది.

"కొరాపుట్ జాబితా నువ్వెప్పుడూ తెరవలేదా?"

"లేదండీ. అక్కడివి వాళ్ళు నాకు చెబుతారనుకున్నాను."

"ఆల్లు నువ్వు సూస్తన్నావనుకున్నారు."

"మీరేమనుకున్నారు?"

"నానూ అదే."

ఆమె తల పట్టుకుంది. నేనడిగాను, "పోనీ, నా నంబరు కింద ఆ లైన్లు పెట్టింది ఎవలు?"

"ఎవరూ పెట్టరు తాతగారూ. నంబరు చూసి మెషీను దానంతటదే అతికిస్తుంది."

ఆమె నా ఫోన్లో పైకీ కిందికీ జరుపుతూ, లైన్ల మధ్య నేను రాసినవి చదువుతోంది. దీపావళి దగ్గర ఆగింది.

"తిండి తిని చెయ్యండి... ఇది నాకా?"

"మరెవలికి."

"ఇది నాకు రాలేదండీ. ఇవేవీ నాకు రాలేదు."

"ఒస్తే ఏటి సేద్దువు? తిండి ఎలాగా తింటన్నావు కదా," అన్నాను టిఫిన్ డబ్బా వైపు చూసి. పక్క బల్ల మీద కుర్రది పకపకా నవ్వింది. ఈమె నవ్వలేదు, డబ్బా నా వైపు జరిపింది. వద్దన్నాను. ఆకలి లేక కాదు.

ఆమె అప్పుడే పని మొదలుపెట్టింది. ఇకమీదట కమిట్ వేసేటప్పుడు ఉత్త నంబరు రాస్తే మెషీను ఒప్పుకోదు. నంబరుకి ముందు కొరా అనో రాయ అనో ఉండాలి. కొరా అని ఉంటే కొరాపుట్ జాబితాకే లైను వెళ్తుంది, రాయ అని ఉంటే రాయగడకే. నాకు ఇది తేలిగ్గానే అర్థమైంది. కొరాపుట్లో రెండు లైన్లు కలుస్తాయి. ఏ లైనో చెప్పకుండా కిలోమీటరు రాయి నంబరొకటే చెబితే మా గ్యాంగు ఎటు పోవాలి? ఆమెతో ఆ మాటంటే, "అదేనండీ, అచ్చంగా అదే," అంది.

తర్వాత, "మీ ఏడో నంబరు మళ్ళీ తెరిచి, దాని కింద పడిన తప్పు లైన్లు తీసేస్తాను," అంది.

"తియ్యాలా?"

"తప్పువి కదండీ. ఉంటే మళ్ళీ ఎవరో ఒకరు పని జరుగుతోందనుకుంటారు."

ఆమె చెప్పింది సరైనదే. "తియ్యి," అన్నాను. ఒక్కోటే పోయాయి. క్రిస్మస్ పోయింది, దీపావళివి పోయాయి, దసరా పోయింది. చివరికి రథయాత్ర లైను కూడా పోయింది. ఏడో నంబరు కింద నా రాతలు మాత్రం మిగిలాయి, ఒకదాని కింద ఒకటి. ఎవరితో మాట్లాడుతున్నానో చూసేవాడికి తెలియదు. గదిలో ఒక్కడే కూర్చుని గొణుక్కునే ముసలాడి మాటల్లా ఉన్నాయి.

నా ఫోన్‌ని వైరుతో కంప్యూటర్‌కి తగిలించి చూసింది. ఎర్ర దారం చూసి, "నిజమే. నా ఫోన్ పెద్దది, అందులో రెండూ కనపడతాయి. నాకు తెలియనే లేదు," అంది. చేతిలో ఉన్న పని అయ్యాక తప్పకుండా చేస్తానంది. కిందదాకా వచ్చి ఆటో ఎక్కించింది. ఆటోవాడితో స్టేషన్ అని చెప్పి, నాతో, "జాగ్రత్త తాతగారూ," అంది. అలా అనేవాళ్ళు లేక చాలా కాలమైంది. ఊ అన్నాను.

తర్వాత ఫోన్ టింగుమనలేదు. శివరాత్రి వచ్చింది. యాప్ పైన లింగం బొమ్మ వచ్చింది గాని నా నంబరు కింద ఏమీ రాలేదు. హోళీకి రంగుల బొమ్మ వచ్చింది, లైను రాలేదు. ఇప్పుడు అన్నీ వెళ్ళాల్సిన చోటికి వెళ్తున్నాయి. నాకు రావాల్సింది ఏదీ లేదు, అందుకని రాలేదు. అంత సరిగ్గా ఉంది పని. నాకు మాత్రం ఆ తప్పు ఉన్న రోజులే బాగున్నాయి. ఇది తెలివైన మాట కాదు, అయినా రాస్తున్నాను. చోడి, అదే రాగి అంబలి తాగుతూ ఊరికే ఫోన్ తీసి ఏడో నంబరు చూసుకునేవాణ్ణి. నా మాటలే కనపడేవి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున టింగుమంది. ఈసారి లైను తెలుగులో ఉంది. "చిన్న తెరల మీద ఎర్ర బొత్తాం కనపడేలా మార్చాను. కొరా-7." దాని కింద ఆమె విడిగా రాసింది, ఇది మెషీను అతికించింది కాదు. "తాతగారూ, యాప్ కొత్తది వేసుకుని ఎర్రది నొక్కి చూడండి. పని చేస్తే మీరే మూసేయండి. ఈసారి నేను మూయను."

కొత్తది వేసుకున్నాను. మర్నాడు మోగినప్పుడు రెండు బొత్తాలూ కనపడ్డాయి. పచ్చది చిన్నదైంది, ఎర్రది దాని కింద నిండుగా నిలబడింది. నేను పచ్చది నొక్కాను. నాకు జబ్బేమీ లేదు, ఎర్రది ఎలా నొక్కను? రెండో రోజూ అదే చేశాను. మూసేస్తే ఆ నంబరుతో పని అయిపోతుంది, ఇంకెవరూ అందులో రాయరు. అది కూడా మనసులో ఉంది. రాయగడ అమ్మాయి ఫోన్ చేసింది.

"ఇంకా మూయలేదేంటి తాతగారూ? పని చేయడం లేదా?"

"సూస్తన్నాను."

"నొక్కారా?"

"నొక్కితే ఆల్లు పోన్ సేస్తారు కదా. ఏటని సెప్పను?"

"టెస్టింగ్ అని చెప్పండి. పాపం వాళ్ళేమీ అనరు. మీరు నొక్కకపోతే రేపు అది ఇంకెవరికో పని చేయకపోవచ్చు."

ఆ మాట నిజం. మర్నాడు మోగగానే ఎర్రది నొక్కాను. పొయ్యి మీద అంబలి పొంగేలోపు ఫోన్ వచ్చింది. కొరాపుట్ ఆమె. పరుగెత్తినట్టుంది గొంతు. ఒడియాలో అడిగింది, "ఏమైంది మౌసా? జ్వరమా? లక్ష్మీపూర్ నుంచి ఎవరినైనా పంపనా?"

"ఏమీ కాలేదు. బొత్తాం పని చేస్తుందో లేదో చూశాను."

"హడలగొట్టారు. అయితే బాగానే ఉన్నారు కదా?"

నేను వెంటనే అవునని చెప్పాలి. చెప్పలేకపోయాను. పచ్చదీ ఎర్రదీ రెండూ కళ్ళ ముందు కనపడుతున్న రోజు అది. ఏది నొక్కాలో నాకే తెలియలేదని అప్పుడనిపించింది.

"జ్వరం లేదు," అన్నాను. "పక్కింటామె వెళ్ళిపోయాక మాట్లాడే మనిషి లేడు. దానికి ఎవరినైనా పంపుతారా?"

వెనకాల ఇంకో ఫోన్ మోగుతోంది. అది ఎవరిదో ఎర్ర బొత్తాం అయుండొచ్చు.

"దానికి మా దగ్గర ఏర్పాటు లేదు మౌసా," అంది. "మీరు రాసి పెట్టండి. కొత్త నంబరు పడుతుంది. రాయగడ అమ్మాయి చూస్తుంది."

"సరే. ముందు ఆ ఫోనెత్తు," అన్నాను.

అంబలి దించి, ఏడో నంబరు కింద "పని చేస్తోంది" అని రాసి మూసేశాను. తర్వాత కొత్త ఫిర్యాదు తెరిచి కూర్చున్నాను. ఏ భాగం పాడైందో మొదటి గడిలో రాయమంటుంది. ఎంతసేపు ఆలోచించినా ఏం రాయాలో తోచలేదు. యాప్‌లో ఏదీ పాడవలేదు.